బాల్య తొలిదశ సేవలు (అనంతపురం కరువు ప్రాంతం)

బాల్య తొలిదశ సేవలు అనగా బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పటి నుండి ఆరేళ్ళ వయసు వరకు పిల్లలకు, వారి కుటుంబాలకు, సమస్య ముదిరిన తరువాత కాక ముందుగానే అందించే ఆహార, ఆరోగ్య, విద్యా, సంరక్షణ సేవలు. వీటిలో ఏవి నిజంగా ఫలితమిస్తాయో పరిశోధనల ద్వారా తేల్చుకొని, వాటిని స్థానిక ప్రభుత్వాల ద్వారా అమలు చేయడాన్ని ఆధార సహిత ముందస్తు తోడ్పాటు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవలకు ప్రధాన కేంద్రం అంగన్‌వాడీ. ముదిగుబ్బ వంటి కరువు మండలాలలో ఈ సేవలకు ప్రత్యేక ప్రాధాన్యత ఉన్నది. వాన కురవని ఏడాది పెద్దవారికి ఒక పంట నష్టమైతే, రెండేళ్ళలోపు బిడ్డకు అది తిరిగిరాని ఎదుగుదల నష్టం కావచ్చును.

ప్రాంత నేపథ్యం

ముదిగుబ్బ అనంతపురం నుండి కదిరి వెళ్ళే రహదారి మీద ఉన్న మండల కేంద్రం. ధర్మవరం-పాకాల రైలు మార్గంలో ఇక్కడ స్టేషను కలదు. ఈ మండలం పూర్వం అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇది ధర్మవరం శాసనసభ నియోజకవర్గంలోని మండలం.

అనంతపురం ప్రాంతపు సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వలన నైరుతి ఋతుపవనాలు ఇక్కడ బలహీనంగా ఉంటాయి. తూర్పు తీరానికి దూరం కావడం వలన ఈశాన్య ఋతుపవనాలు కూడా పూర్తిగా అందవు. ఎర్రనేలల్లో వర్షాధారంగా వేసే వేరుశనగ ప్రధాన పంట. ఖరీఫ్ తొలకరికి విత్తిన తరువాత వానకు ఎడమొస్తే ఊడలు దిగక పంట పోతుంది. అప్పుడు కుటుంబాలు కూలి పనులకు బెంగుళూరు వంటి నగరాలకు వలస వెళతాయి. చిన్నపిల్లలు తల్లిదండ్రులతోపాటు కట్టడాల వద్దకు వెళ్ళడమో, ఊరిలో అవ్వాతాతల దగ్గర ఉండిపోవడమో జరుగుతుంది. రెండు సందర్భాలలోనూ టీకాలు, బరువు తూకం, అంగన్‌వాడీ ఆహారం మధ్యలో తెగిపోయే అవకాశం ఎక్కువ.

ముందస్తు తోడ్పాటు - భావన

మెదడు ఎదుగుదల, ఎత్తు పెరుగుదల జీవితపు తొలి సంవత్సరాలలో అత్యంత వేగంగా జరుగుతాయి. గర్భధారణ నుండి రెండవ పుట్టినరోజు వరకు ఉన్న కాలాన్ని "మొదటి వెయ్యి రోజులు" అని వ్యవహరిస్తారు. ఈ కాలంలో ఆహారలోపం, పదే పదే వచ్చే విరేచనాలు, పలకరించి ఆడించేవారు లేకపోవడం అనే మూడూ కలిసి బిడ్డ ఎత్తును, మాటను, ఆలోచనను దెబ్బతీస్తాయి. వయసుకు తగిన ఎత్తు లేకపోవడాన్ని గిడసబారుట అని, ఎత్తుకు తగిన బరువు లేకపోవడాన్ని కృశించుట అని అంటారు. మొదటిది దీర్ఘకాలిక లోపానికి, రెండవది ఇటీవలి లోపానికి గుర్తు.

ఈ భావనకు ఆధారమైన ప్రయోగాలలో రెండు తరచుగా ఉదహరించబడతాయి. మొదటిది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. ఇందులో పేద కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందించి, పెద్దవారైన తరువాత కూడా వారి జీవితాలను పరిశీలించారు. రెండవది 1986-87లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం మొదలుపెట్టిన ప్రయోగం. గిడసబారిన 129 మంది పసిపిల్లలలో కొందరికి పాల ఆహారం, కొందరికి వారం వారం ఇంటికి వచ్చి తల్లికి, బిడ్డకు ఆటలు నేర్పే కార్యకర్త, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేకుండా రెండేళ్ళు కొనసాగించారు. ఇరవై ఏళ్ళ తరువాత, ఆటల జట్లలోని వారి సంపాదన ఆ సేవ అందనివారి సంపాదన కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో వెల్లడైంది. కేవలం ఆహారం పొందినవారిలో అటువంటి దీర్ఘకాలిక లాభం కనిపించలేదు. ఆహారం అవసరమే కాని అది ఒక్కటే చాలదన్నది ఈ ప్రయోగం నేర్పిన పాఠం.

బ్రిటన్‌లో 1998లో ప్రకటించబడిన ష్యూర్ స్టార్ట్ కార్యక్రమం ఇటువంటి సేవలను ప్రాంతాలవారీగా ఒకే చోట చేర్చింది. ఏ కార్యక్రమానికి ఎంత ఆధారం ఉన్నదో స్థానిక సంస్థలకు తెలియజేయడానికి అక్కడ 2013లో ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది.

భారతదేశంలో చరిత్ర

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకంగా ప్రారంభించబడింది. అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆసుపత్రికి పంపుట, పోషకాహార-ఆరోగ్య విద్య అనే ఆరు సేవలు దీని అంగాలు. తరువాతి ముఖ్య పరిణామాలు:

* 2001 నవంబరు 28: ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఈ పథకపు ఆహారాన్ని హక్కుగా అమలు చేయవలసిందిగా ఆదేశించింది.
* 2006 డిసెంబరు 13: ప్రతి ఆవాసానికి అంగన్‌వాడీ అందేలా కేంద్రాల సంఖ్యను పెంచవలసిందిగా అదే కేసులో ఆదేశాలు వెలువడ్డాయి.
* 2013: జాతీయ ఆహార భద్రతా చట్టం ద్వారా గర్భిణులకు, బాలింతలకు, ఆరు నెలల నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆహారం చట్టబద్ధమైన హక్కు అయింది. అదే ఏడాది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, జాతీయ బాల్య తొలిదశ సంరక్షణ-విద్యా విధానం వచ్చాయి.
* 2018 మార్చి 8: పోషణ్ అభియాన్ ప్రారంభమైంది.
* 2021: అంగన్‌వాడీ సేవలు, పోషణ్ అభియాన్ మొదలైనవి కలిపి సక్షమ్ అంగన్‌వాడీ-పోషణ్ 2.0గా మార్చబడ్డాయి.
* 2024: మూడేళ్ళలోపు పిల్లల ఆటపాటలకు "నవచేతన", మూడు నుండి ఆరేళ్ళ పిల్లల విద్యకు "ఆధారశిల" అనే ప్రణాళికలు విడుదలయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నవి. గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టే పథకం 2013లో ఇందిరమ్మ అమృతహస్తంగా మొదలై, తరువాత అన్న అమృతహస్తం అయింది. 2020 సెప్టెంబరు 7న వైఎస్సార్ సంపూర్ణ పోషణ, గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ ప్రారంభించబడ్డాయి. ప్రభుత్వాలు మారినప్పుడు పేర్లు మారినప్పటికీ పాలు, గుడ్లు, అన్నం, పప్పు, ఆకుకూర ఈ పథకాల మూలంగా కొనసాగాయి. ఇంటికిచ్చే సరుకులలో రాగిపిండి, అటుకులు, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం చేర్చబడ్డాయి. వీటిలో రాగి, వేరుశనగ రాయలసీమ వారికి ఇంటి తిండే.

తెలుగు నేల మీది ఆధారాలు

ఈ విషయంలో తెలుగు ప్రాంతం నుండి వచ్చిన పరిశోధనలు అంతర్జాతీయంగా పేర్కొనబడ్డాయి.

హైదరాబాదు పోషకాహార ప్రయోగం: జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక పరిశీలన నిర్వహించింది. 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అనుబంధ ఆహారం అందింది. మిగిలిన 14 గ్రామాలలో అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ళ వయసు వచ్చిన తరువాత 2003-05లో 1,165 మందిని తిరిగి పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో తక్కువగా ఉన్నది. రక్తనాళాల బిరుసుదనం కూడా తక్కువే. ఈ ఫలితాలను సంజయ్ కిన్రా బృందం 2008లో ప్రచురించింది. ప్రభుత్వ పథకం ద్వారా ఇచ్చిన సాధారణ ఆహారం పదిహేనేళ్ళ తరువాత కూడా శరీరంలో కనిపించడం దీని విశేషం.

యంగ్ లైవ్స్ అధ్యయనం: ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో ఇథియోపియా, భారతదేశం, పెరూ, వియత్నాంలలో ప్రారంభమైనది. భారతదేశంలో దీనికి ఎంపికైనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. రాయలసీమ నుండి అనంతపురం, కడప జిల్లాలు తీసుకోబడ్డాయి. 2001-02లో పుట్టిన సుమారు 2,000 మంది, 1994-95లో పుట్టిన సుమారు 1,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ కలిసి వివరాలు సేకరించారు. కుటుంబాల గోప్యత కోసం అధ్యయన గ్రామాల అసలు పేర్లు వెల్లడించబడవు.

కరువు, బడి భోజనం: రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. యంగ్ లైవ్స్ సమాచారం ఆధారంగా అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కరువు బారినపడిన కుటుంబాల పిల్లల ఎదుగుదల వెనుకబడింది. అయితే బడిలో భోజనం అందిన చిన్నారులలో ఆ లోటు పూడింది. కరువు సమయంలో పిల్లవాడి కడుపుకు బడి భోజనం భద్రతా వలయంగా పనిచేసిందని వారు తేల్చారు.

కరువు, ఉపాధి హామీ: జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించబడింది. అపరాజితా దాస్‌గుప్తా 2017లో ప్రచురించిన పరిశోధన ఈ పథకం అందుబాటు వలన ఇటీవలి కరువు దెబ్బ పిల్లల ఎదుగుదల మీద తగ్గిందని, కాని పసితనంలో ఎప్పుడో కలిగిన లోటు మాత్రం తీరలేదని చూపింది.

పూర్వ ప్రాథమిక విద్య: అస్సాం, రాజస్థాన్, తెలంగాణలలో సుమారు 14,000 మంది నాలుగేళ్ళ పిల్లలను ఎనిమిదేళ్ళ వయసు వరకు అనుసరించిన అధ్యయనం 2017లో వెలువడింది. ఐదేళ్ళ వయసులో చాలామంది పిల్లల బడి సంసిద్ధత ఆశించిన స్థాయికి ఎంతో దిగువన ఉన్నదని, నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య దానిని మెరుగుపరుస్తుందని అది తెలిపింది. తమిళనాడులో 320 అంగన్‌వాడీలలో జరిగిన మరొక ప్రయోగంలో, సగం పూట పనిచేసే అదనపు కార్యకర్తను నియమించినచోట బోధన సమయం రెట్టింపై, పిల్లల భాష, లెక్కలు మెరుగుపడ్డాయి. పోషణ లోపం కూడా తగ్గింది.

పై పరిశోధనలను కలిపి చూచినచో మూడు సంగతులు తెలుస్తాయి. తొలి ఏళ్ళలో ఇచ్చిన ఆహారానికి దీర్ఘకాల ఫలితం ఉన్నది. కరువు నష్టాన్ని అదే సమయంలో అడ్డుకోవడం సాధ్యమే, ఆలస్యమైతే కష్టం. ఆహారంతో పాటు ఆట, మాట, చదువు చెప్పడానికి మనుషులు, సమయం కావాలి.

వయసువారీగా సేవలు

గ్రామ స్థాయిలో అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఈ సేవలను కలిసి అందిస్తారు.

* గర్భిణీ దశ: పేరు నమోదు, రక్తపోటు, రక్తహీనత పరీక్షలు, ఇనుము-ఫోలిక్ యాసిడ్ మాత్రలు, పోషకాహారం.
* పుట్టినప్పటి నుండి 42 రోజులు: ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా చూడాలి.
* 3 నుండి 15 నెలలు: 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటి సందర్శనలు. 2018లో ఈ ఏర్పాటు చేర్చబడింది.
* 6 నెలల నుండి 3 ఏళ్ళు: తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టించుట, ఇంటికి సరుకులు, నెలనెలా బరువు తూకం.
* 3 నుండి 6 ఏళ్ళు: కేంద్రంలో వేడి భోజనం, ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య.

బిడ్డ బరువు, ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలతో పోల్చబడతాయి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని గీత మీద బరువు చుక్కలు కలుపుతూ పోతే, గీత అడ్డంగా సాగడమో కిందికి దిగడమో తొలి హెచ్చరిక అగును. ఆరు నెలల నుండి ఐదేళ్ళ బిడ్డకు దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషణ లోపంగా పరిగణిస్తారు. అటువంటి బిడ్డకు ఇతర జబ్బులు కూడా ఉంటే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి.

వైకల్యాల గుర్తింపు

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, బాల్య వ్యాధులు, పోషక లోపాలు, వైకల్యంతో కూడిన ఎదుగుదల జాప్యాలు అనే నాలుగు వర్గాల కింద పరీక్ష జరుగుతుంది. లోపం కనిపించిన పిల్లలను జిల్లా స్థాయి ముందస్తు చికిత్సా కేంద్రానికి పంపుతారు. వినికిడి లోపం, గ్రహణమొర్రి, వంకరపాదం వంటివి ఎంత త్వరగా గుర్తిస్తే అంత మంచి ఫలితం ఉంటుంది. వినబడని బిడ్డకు మాట కూడా రాదు కనుక వినికిడి పరీక్ష ఆలస్యం కారాదు.

ఈ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థల పాత్ర కూడా చెప్పుకోదగినది. విన్సెంట్ ఫెర్రర్ (మరణం 2009 జూన్ 19) 1969లో అనంతపురం వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ముదిగుబ్బ పొరుగు మండలమైన బత్తలపల్లిలో ఆసుపత్రిని నెలకొల్పింది. వికలాంగ బాలబాలికల కొరకు పాఠశాలలు, వసతి కేంద్రాలు కూడా నడిపింది.

స్థానిక ప్రభుత్వాల పాత్ర

1992లో ఆమోదం పొంది 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్నది. వాటిలో స్త్రీ శిశు అభివృద్ధి ఒకటి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలలో మహిళా సంక్షేమానికి ఒకటి, విద్య-వైద్యానికి ఒకటి ఉన్నవి. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో స్త్రీ శిశు రక్షణ విధులతో మహిళా పోలీసు ఉద్యోగం కల్పించబడింది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు సూచించిన తొమ్మిది ఇతివృత్తాలలో "బాలల స్నేహపూర్వక గ్రామం" మూడవది.

ఆచరణలో మాత్రం అంగన్‌వాడీ కార్యకర్తల నియామకం, వేతనం, ఆహార సరఫరా స్త్రీ శిశు సంక్షేమ శాఖ చేతిలోనే ఉన్నవి. సూపర్‌వైజరు, ప్రాజెక్టు అధికారి, జిల్లా అధికారి అనే వరుసలో పర్యవేక్షణ సాగుతుంది. తాగునీరు, మరుగుదొడ్డి, భవనానికి స్థలం, వీధి పారిశుధ్యం పంచాయతీ పరిధిలోనివి. విరేచనాలు తగ్గనిదే పెట్టిన తిండి ఒంటబట్టదు కనుక ఈ రెండు యంత్రాంగాలు కలిసి పనిచేయడం ఫలితానికి కీలకం. కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక తరువాత అంగన్‌వాడీల నిర్వహణలో పంచాయతీలకు నేరుగా బాధ్యత, ఖర్చులో వాటా లభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంత మేరకు బదిలీ జరగలేదు.

ఫలితాలు, లోపాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల స్థితి:

* గిడసబారినవారు: 2015-16లో 31.4 శాతం, 2019-21లో 31.2 శాతం
* కృశించినవారు: 17.2 శాతం నుండి 16.1 శాతం
* వయసుకు తగిన బరువు లేనివారు: 31.9 శాతం నుండి 29.6 శాతం
* రక్తహీనత (6 నుండి 59 నెలలు): 58.6 శాతం నుండి 63.2 శాతం

గిడసబారుట దాదాపు కదలకపోవడం, రక్తహీనత పెరగడం గమనార్హం. 2019-21 సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళి జరిగినట్లు తేలింది. తన ఎదుగుదలే పూర్తికాని తల్లికి పుట్టిన బిడ్డ తక్కువ బరువుతో జీవితం మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. అందువలన బాల్యవివాహ నిరోధం కూడా ముందస్తు తోడ్పాటులో భాగమే.

అమలులో ఎదురయ్యే ముఖ్య సమస్యలు:

* ఇంటికిచ్చిన సరుకులు, గుడ్లు ఇంటిల్లిపాదికీ పంచబడడం వలన గర్భిణికి, బిడ్డకు అందవలసినంత అందదు.
* పథకంలో ఎక్కువ దృష్టి కేంద్రానికి నడిచి రాగల మూడేళ్ళు దాటిన పిల్లల మీద ఉంటుంది. అత్యంత కీలకమైన రెండేళ్ళలోపు బిడ్డలు ఇంటి సందర్శనల మీదనే ఆధారపడవలసి ఉంటుంది.
* వంట, తూకం, సర్వేలు, సెల్‌ఫోను యాప్‌లలో నమోదు అన్నీ ఒక్క కార్యకర్త, ఒక్క ఆయా మీద పడడం వలన బోధనకు సమయం మిగలదు.
* వలస కుటుంబాల బిడ్డ ఒక ఊరి జాబితాలో ఉండి మరొక ఊరిలో నివసించడం వలన రెండు చోట్లా సేవలు తప్పిపోవచ్చును.

కార్యకర్తల వేతనాలు, గ్రాట్యుటీ దీర్ఘకాలంగా వివాదాంశాలు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుండి 2024 జనవరి 22 వరకు 42 రోజులు సమ్మె చేశారు. ఈ సేవలు గౌరవ వేతనం మీద పనిచేసే గ్రామీణ స్త్రీల శ్రమ మీద ఎంతగా ఆధారపడి ఉన్నవో ఆ సమ్మె తెలియజేసింది.

కరువు ప్రాంతానికి ప్రత్యేక అవసరాలు

మండలాన్ని కరువు మండలంగా ప్రకటించడం సాధారణంగా పంట కాలం ముగిసే దశలో జరుగుతుంది. విత్తన రాయితీ, పంటల బీమా, పశుగ్రాసం అప్పుడు చర్చకు వస్తాయి. బిడ్డ బరువు మాత్రం అంతకు ముందే తగ్గడం మొదలవుతుంది. పైన పేర్కొన్న పరిశోధనలను బట్టి, నెలనెలా తూకంలో బరువు నిలిచిపోయిన పిల్లల సంఖ్యను కరువుకు తొలి సూచికగా తీసుకొని, గ్రామంలో పని కల్పన, పసిపిల్లలకు అదనపు ఆహారం, సెలవు రోజుల్లోనూ భోజనం అదే కాలంలో మొదలుపెట్టడం ఫలదాయకం. ఇందుకు కావలసిన తూకపు యంత్రం, కార్డు, కార్యకర్త ఇప్పటికే గ్రామంలో ఉన్నవి. తూకపు లెక్క శాఖాధికారులకు చేరడంతో ఆగక గ్రామసభ ముందుకు కూడా వచ్చినప్పుడే ఆ సమాచారం స్థానిక నిర్ణయాలకు ఆధారం కాగలదు.

ఇవి కూడా చూడండి

* ముదిగుబ్బ
* శ్రీ సత్యసాయి జిల్లా
* అంగన్‌వాడీ
* మధ్యాహ్న భోజన పథకం
* జాతీయ పోషకాహార సంస్థ
* పంచాయతీరాజ్